బిగ్‌హార్న్ నది: ఆనకట్ట దిగువన ట్రౌట్, ఫ్లై ఫిషింగ్

బిగ్‌హార్న్ అమెరికాలోని వయోమింగ్ కొండల్లో పుట్టి, ఉత్తరానికి పారి, మోంటానా రాష్ట్రంలో ఎల్లోస్టోన్ నదిలో కలుస్తుంది. పైభాగంలో దీన్ని విండ్ నది అంటారు. థర్మోపొలిస్ పట్టణానికి కాస్త ఎగువన పేరు మారుతుంది, నీరు మాత్రం అదే. రెండు రాష్ట్రాల సరిహద్దులో ఈ నది ఒక లోతైన లోయను కోసుకుంటూ వస్తుంది. ఆ లోయ చివర 1960లలో ఎల్లోటెయిల్ ఆనకట్ట కట్టారు. దాని దిగువన, ఫోర్ట్ స్మిత్ అనే చిన్న ఊరి దగ్గర మొదలై సుమారు 21 కిలోమీటర్ల మేర నది చల్లగా, తేటగా పారుతుంది. ఆ కొద్ది మేరలో బ్రౌన్ ట్రౌట్, రెయిన్‌బో ట్రౌట్ చేపలు మైలుకు వేల లెక్కన బతుకుతున్నాయి. ఫ్లై ఫిషింగ్ మీద మక్కువ ఉన్నవాళ్లు ఎక్కడెక్కడి నుంచో ఇక్కడికి వస్తారు.

ఇప్పుడు ఈ చేపలను ఎవరూ పెంచి వదలడం లేదు. నది అడుగున ఉన్న గులకల్లో గుడ్లు పెట్టి, అక్కడే పిల్లలై, అక్కడే పెరుగుతున్నాయి. కాని అవి బతికే నీరు ఎంత రావాలో, ఎంత చల్లగా ఉండాలో తేల్చేది ఆనకట్ట. పుట్టుక ప్రకృతిది, నీరు మనిషి చేతిలోది. ఆనకట్టల దిగువన జరిగే ట్రౌట్ వేటను అర్థం చేసుకోవాలంటే ఈ రెండింటినీ కలిపే చూడాలి. గాలం, ఈకలు, పడవ ఆ తర్వాతి మాట.

చల్లని నీరు ఎక్కడిది

ఆనకట్ట రాకముందు ఇది మైదానాల నది. వసంతంలో మంచు కరిగితే ఎర్రగా పొంగేది, వేసవిలో వేడెక్కేది, ఏడాదిలో చాలా భాగం బురద మోసుకుంటూ పోయేది. ట్రౌట్‌కు ఇష్టమైన నీరు 10 నుంచి 16 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుంది. 20 దాటితే అది మేత మానేసి అవస్థ పడుతుంది, 25 దరిదాపుల్లో చచ్చిపోతుంది. కృష్ణా, గోదావరుల్లో ట్రౌట్ లేకపోవడానికి ఈ ఒక్క కారణమే చాలు.

లోతైన జలాశయంలో వేసవి రాగానే నీరు పొరలుగా విడిపోతుంది. ఎండ తగిలిన పైపొర వేడెక్కి తేలికై పైనే నిలుస్తుంది. బరువైన చల్లనీరు అడుగున ఉండిపోతుంది. నీటికి అత్యధిక సాంద్రత 4 డిగ్రీల దగ్గర ఉంటుంది కాబట్టి శీతాకాలపు చలి అడుగుపొరలో నెలల తరబడి దాగి ఉంటుంది. 525 అడుగుల ఎత్తున్న ఎల్లోటెయిల్ కాంక్రీటు ఆనకట్టలో టర్బైన్లకు నీరు తీసుకునే గొట్టాల నోళ్లు ఉపరితలానికి చాలా కింద ఉన్నాయి. అందుకే బయట జూలై ఎండ మండుతున్నా, టర్బైన్లు తిప్పి బయటికొచ్చే నీరు చెయ్యి పెడితే జివ్వుమనేంత చల్లగా ఉంటుంది. చలికాలంలో ఇది తిరగబడుతుంది. చుట్టుపక్కల ఏర్లు గడ్డకట్టినా ఇక్కడ నీరు గడ్డకట్టదు, జనవరిలోనూ చేపలు మేస్తూనే ఉంటాయి. పైపొర వేడి మెల్లగా కిందికి దిగాలి కాబట్టి ఈ నదికి అతి వెచ్చని రోజులు నడివేసవిలో రావు, సెప్టెంబరు, అక్టోబరుల్లో వస్తాయి. కొత్తగా వచ్చినవాళ్లకు ఇది వింతగా తోస్తుంది.

రెండో మార్పు తేటదనం. నది మోసుకొచ్చిన ఒండ్రు జలాశయం పైకొసన, నీటి వేగం తగ్గిన చోట దిగిపోతుంది. దిగువకు వచ్చేది వడగట్టినట్టున్న నీరు. వెలుగు నది అడుగుదాకా చేరుతుంది, గులకల మీద నాచు, నీటిమొక్కలు దట్టంగా పెరుగుతాయి. ఈ తేటదనానికి చెల్లించాల్సిన మూల్యమూ ఉంది. ఒండ్రు లేని నీరు అడుగునుంచి ఇసుకను, సన్నగులకను కోసుకుపోతుంది. పైనుంచి కొత్త గులక రాదు కాబట్టి చేపలు గుడ్లు పెట్టే పరుపు ఏటేటా పలచబడుతుంది. పెద్ద వరదలు ఆగిపోవడంతో పక్కపాయల్లోకి చెట్లు, పొదలు చొచ్చుకొచ్చాయి. ఆనకట్టకు ముందున్న పాయల్లో చాలా భాగం ఇప్పుడు లేవు.

ఎల్లోటెయిల్‌కు మూడు కిలోమీటర్లకు పైగా దిగువన ఆఫ్టర్‌బే అనే చిన్న ఆనకట్ట ఉంది. ఈ నది పేరు ప్రతిష్ఠల్లో దాని పాత్ర చాలా పెద్దదని నా అభిప్రాయం. విద్యుత్ కేంద్రం గిరాకీని బట్టి నడుస్తుంది. సాయంత్రం నీరు ఒక్కసారిగా పెరుగుతుంది, అర్ధరాత్రి తగ్గుతుంది. ఈ హెచ్చుతగ్గులను ఆఫ్టర్‌బే తనలో పట్టి ఉంచి, కిందికి సమంగా వదులుతుంది. అందువల్ల బిగ్‌హార్న్ చేప, దాని తిండి అయిన పురుగులు రోజూ ఎండిపోయి తడిసే బాధ లేకుండా బతుకుతున్నాయి. అయితే ఆ చిన్న ఆనకట్టే మరో చిక్కు తెచ్చింది. తూముల్లోంచి దూకే నీరు గాలిని లోతుకు లాక్కుపోయి, ఒత్తిడిలో నత్రజనిని మోతాదుకు మించి కరిగించుకుంటుంది. ఆ నీటిలో ఉన్న చేపల కళ్లలో, రెక్కల్లో, చర్మం కింద గాలి బుడగలు పుడతాయి. ఆఫ్టర్‌బే దిగువన ఈ జబ్బు ఎన్నో ట్రౌట్‌లకు వచ్చింది. నీటిని ఏ గేటు నుంచి ఎలా వదలాలన్నది అప్పటినుంచి చేపల ఆరోగ్యానికి సంబంధించిన ప్రశ్న కూడా అయింది.

నది అడుగున మేత

ఆనకట్ట దిగువ నదుల్లో పురుగుల జాతులు తగ్గుతాయి, ఉన్న జాతుల సంఖ్య విపరీతంగా పెరుగుతుంది. చాలా పురుగులకు గుడ్డు పొదగడానికైనా, రెక్కలు రావడానికైనా ఋతువుల వెంట మారే వేడి, చలి ఒక గుర్తుగా పనిచేస్తాయి. అడుగునీటి చల్లదనంలో ఆ గుర్తు మసకబారుతుంది. కొండవాగుల్లో రాళ్లకింద విరివిగా దొరికే స్టోన్‌ఫ్లై ఇక్కడ అరుదు. ఆ చోటును నాచులో పాకే సౌబగ్ అనే చిన్న నీటిపురుగులు, రొయ్యపిల్లలా వంకరగా ఉండే స్కడ్‌లు, దోమను పోలిన మిడ్జ్‌లు ఆక్రమించాయి. నాచు మధ్య వానపాము జాతి నీటిపురుగులూ ఉంటాయి. ఇవన్నీ ఏడాది పొడుగునా ఉండే మేత. అందుకే చేప ఆగకుండా పెరుగుతుంది.

మేఫ్లైలు, క్యాడిస్‌లు ఋతువుల్లో వచ్చిపోతాయి. ఏప్రిల్, మే నెలల్లో మబ్బుపట్టిన మధ్యాహ్నాల్లో బూడిదరంగు బేటిస్ మేఫ్లైలు నీటిమీద తేలుతూ దిగుతాయి. శరత్తులో మళ్లీ కనిపిస్తాయి. జూలై, ఆగస్టుల్లో లేతపసుపు మేఫ్లైలు వస్తాయి. ఆగస్టు సాయంత్రాల్లో నల్లని క్యాడిస్‌లు ముసురుతాయి. వేసవి చివర పొద్దున్నే ట్రైకో అనే నలుసంత మేఫ్లైలు పొగలా లేచి, జతకట్టి, చచ్చి నీటిమీద రాలతాయి. ఆ పూట ట్రౌట్‌లు పైకి తేలి, ఒక్కొక్కదాన్నే నింపాదిగా ఏరుకుని తింటాయి. ఫ్లై ఫిషింగ్‌లో ఇంతకన్నా అందమైన ఘట్టం మరొకటి లేదు.

చేప ఎక్కడిది

ఈ ప్రాంతపు అసలు ట్రౌట్ ఎల్లోస్టోన్ కట్‌త్రోట్. బిగ్‌హార్న్‌లో ఇప్పుడున్న రెండు జాతులూ బయటి నుంచి వచ్చినవే. బ్రౌన్ ట్రౌట్ ఐరోపా చేప. దాని గుడ్లు 1883లో జర్మనీ నుంచి ఓడలో న్యూయార్క్ చేరాయి. రెయిన్‌బో ట్రౌట్‌ది అమెరికా పడమటి తీరం. బయటి చేపలను తెచ్చి వదిలే ఆ కాలపు ఉత్సాహం బ్రిటిష్ ఇండియాకూ పాకింది. కశ్మీరు వాగుల్లోకి, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నీలగిరుల్లోకి ట్రౌట్ చేరింది అలాగే. నీలగిరుల్లో అవలాంచి దగ్గర 1907లో హేచరీ పెట్టారు.

ఎల్లోటెయిల్ తర్వాత తొలి ఏళ్లలో బిగ్‌హార్న్‌లోనూ హేచరీలో పెంచిన చేపపిల్లలను వదిలారు. తర్వాత మానేశారు. ఈ నిర్ణయం వెనక మోంటానా జీవశాస్త్రవేత్త డిక్ విన్సెంట్ పని ఉంది. మాడిసన్ నదిలో ఆయన చేపలను లెక్కించి ఒక సంగతి నిరూపించాడు. పెంచిన చేపలను వదిలినచోట నదిలో పుట్టిన చేపల సంఖ్య పడిపోతోంది, వదలడం ఆపితే పెరుగుతోంది. చేపలు వదిలితేనే పట్టేవాళ్లకు చేపలు దొరుకుతాయన్న నమ్మకం మీద నడుస్తున్న రాష్ట్ర మత్స్యశాఖకు ఇది మింగుడుపడని మాట. అయినా మోంటానా 1974లో తన ట్రౌట్ నదుల్లో చేపలు వదలడం ఆపేసింది. అమెరికా మత్స్య విధానాల్లో ఇంత ధైర్యమైన మలుపులు తక్కువ. డబ్బు చేపపిల్లల మీద కాక నది మీద, నీటి మీద పెట్టాలన్న ఆలోచన అక్కడ గట్టిపడింది.

బ్రౌన్ ట్రౌట్ అక్టోబరు, నవంబరుల్లో గుడ్లు పెడుతుంది, రెయిన్‌బో వసంతంలో. ఆడచేప పక్కకు ఒరిగి తోకతో గులకను ఎగజిమ్మి గుంట చేస్తుంది, గుడ్లు పెట్టి మళ్లీ గులకతో కప్పుతుంది. చుట్టూ ఉన్న నాచురాళ్ల మధ్య ఆ చోటు తెల్లగా, కడిగినట్టు కనబడుతుంది. బ్రౌన్ ట్రౌట్ గుడ్లు చలికాలమంతా ఆ గులకలోనే ఉంటాయి. ఆ నెలల్లో నీరు తగ్గించి పాయను ఎండబెడితే ఒక ఏటి సంతానమంతా పోతుంది. ఆ గుంటలమీద నడిచినా అంతే.

ఎవరి నది

1868 ఒప్పందం ప్రకారం ఈ నేల క్రో అనే ఆదివాసీ తెగది. లోయలో ఆనకట్ట కట్టాలన్న ప్రతిపాదన వచ్చినప్పుడు తెగ నాయకుడు రాబర్ట్ ఎల్లోటెయిల్ గట్టిగా ఎదిరించాడు. 1889లో పుట్టిన ఆయన న్యాయశాస్త్రం చదువుకున్నవాడు, 1934లో తన తెగ రిజర్వేషన్‌కే, అంటే తెగకు కేటాయించిన భూభాగానికే, సూపరింటెండెంటుగా నియమితుడైనవాడు. తెగలోనే ఈ విషయమై చీలిక వచ్చింది. చివరికి 1950ల ఆఖరులో ప్రభుత్వం 25 లక్షల డాలర్లు చెల్లించి స్థలం తీసుకుంది. 1967లో పూర్తయిన ఆనకట్టకు, దాన్ని వద్దన్న మనిషి పేరే పెట్టారు. ఆయన 1988 దాకా బతికాడు. ఆ పేరును గౌరవమని చదువుకునేవాళ్లు దాని వెనక జరిగింది కూడా చదవాలి.

చల్లనీటిలో ట్రౌట్ పెరిగాక కొత్త తగాదా పుట్టింది. 1970లలో క్రో తెగ తమ సభ్యులు కానివాళ్లు రిజర్వేషన్‌లో చేపలు పట్టకూడదని తీర్మానించింది. పట్టే హక్కును నియంత్రించేది మేమేనంది రాష్ట్రం. కేసు అమెరికా సుప్రీంకోర్టుదాకా పోయింది. 1981 మార్చిలో మోంటానా వర్సెస్ యునైటెడ్ స్టేట్స్ కేసులో తీర్పు రాష్ట్రం పక్షాన వచ్చింది. 1889లో మోంటానా రాష్ట్రంగా ఏర్పడినప్పుడే నది అడుగు దాని సొంతమైందని కోర్టు తేల్చింది. ఆ ఏడు ఆగస్టులో నది అందరికీ తెరుచుకుంది. ఏళ్లతరబడి ఎవరూ పెద్దగా పట్టని నదిలో చేపలు దండిగా ఉండటంతో బిగ్‌హార్న్ పేరు ఒక్కసారిగా మారుమోగింది. గిరిజన తెగల అధికార పరిధి గురించి అమెరికాలో ఏ కేసు నడిచినా ఇప్పటికీ ఈ తీర్పును ఉదహరిస్తారు. చేపల వేట మీద మొదలైన వ్యాజ్యం తెగల స్వపరిపాలనను కుదించే కొలబద్ద అయింది. నది అందాన్ని వర్ణించే వ్యాసాల్లో ఈ అధ్యాయం తరచూ జారిపోతుంది, అలా జారిపోవడం న్యాయం కాదు.

తీర్పు నది అడుగు గురించే తప్ప గట్ల గురించి కాదు. నీటి ఆనవాలు గీత దాటి రిజర్వేషన్ భూమి మీద కాలుపెట్టడానికి బయటివాళ్లకు హక్కు లేదు. అందుకే ఎక్కువమంది పడవలో దిగుతారు. ఆఫ్టర్‌బే దగ్గర పడవ వేసి, మూడు మైళ్ల రేవులోగాని పదమూడు మైళ్ల రేవులోగాని ఒడ్డుకు చేరతారు.

పట్టే తీరు

మామూలు గాలంలో సీసపుగుండు బరువుతో ఎర దూరం పోతుంది. ఫ్లై ఫిషింగ్‌లో ఎరకు బరువే ఉండదు. చిన్న కొక్కానికి ఈకలు, బొచ్చు, దారం చుట్టి పురుగులా తయారుచేసిన ఆ ఎరనే ఫ్లై అంటారు. దాన్ని మోసుకెళ్లేది తాడు బరువు. లావుగా, పూతపూసి ఉండే ఆ తాడును కర్రతో వెనక్కీ ముందుకీ ఆడించి, గాలిలో విప్పార్చి నీటిమీద పరుస్తారు. తాడు చివర కంటికి ఆనని సన్నటి నైలాన్ పోగు, దాని కొసన ఫ్లై. బిగ్‌హార్న్‌లో సాధారణంగా తొమ్మిదడుగుల కర్ర, ఐదు లేదా ఆరో నంబరు తాడు వాడతారు.

తేటనీటిలో రోజూ వేల పురుగులు చూసే చేపను మోసం చేయడం తేలిక కాదు. ఫ్లై ఆకారం ఎంత బాగున్నా, ప్రవాహంతోపాటు స్వేచ్ఛగా కొట్టుకుపోకపోతే చేప ముట్టదు. నదిలో నీటివేగం అంతటా ఒకటి కాదు. మధ్యలో జోరుగా పోయే నీరు తాడును లాగితే, నెమ్మదినీటిలో ఉన్న ఫ్లై వెనక చార గీసుకుంటూ పోతుంది. దీన్ని డ్రాగ్ అంటారు. దాన్ని తప్పించడానికి విసిరిన వెంటనే కర్ర కొసతో తాడును ఎగువకు ఎత్తి వేయాలి, మళ్లీ మళ్లీ సరిచేయాలి. ఫ్లై ఫిషింగ్ నేర్పంతా విసరడంలో ఉందని చూసేవాళ్లు అనుకుంటారు. నిజానికి ఎక్కువ భాగం విసిరాక ఉంటుంది.

ట్రౌట్ తిండిలో అధికభాగం నీటి అడుగునే కాబట్టి ఇక్కడ సాధారణ పద్ధతి నింఫింగ్. రెండు ఫ్లైలను ఒకదాని కింద ఒకటి కట్టి, కాస్త సీసం వేసి, పైన చిన్న బెండు పెట్టి ప్రవాహంలో వదులుతారు. బెండు ఆగినా, ఒరిగినా, తటపటాయించినా కర్ర ఎత్తాలి. రే చార్లెస్ అనే ఫ్లై సౌబగ్‌కు నకలు. సాన్ వాన్ వార్మ్ ఎర్రటి పురుగుకు నకలు, దాని పేరు న్యూమెక్సికోలోని మరో ఆనకట్ట దిగువ నది నుంచి వచ్చింది. ట్రైకోలు రాలే పూట మాత్రం బెండు తీసేసి, గోరులో సగమైనా లేని ఫ్లైని నీటిమీద తేల్చాలి. చేప పైకి వచ్చి ఏ లయలో మింగుతోందో గమనించి, దాని నోటికి ఎగువన మూరెడు దూరంలో దించాలి. శరత్తులో గుడ్లకాలం దగ్గరపడి బ్రౌన్ ట్రౌట్ కోపంగా ఉన్నప్పుడు చిన్నచేపలా ఉండే పెద్ద స్ట్రీమర్లు లాగుతారు.

ఇంగ్లండు హాంప్‌షైర్‌లో సుద్దనేల ఊటలతో పుట్టే ఏర్లు శతాబ్దాలుగా ఈ కళకు పుట్టిల్లు. ఏడాదంతా ఒకే చల్లదనం, అదే తేటదనం, నీటిమొక్కలు. అక్కడ 19వ శతాబ్దం చివర ఫ్రెడరిక్ హాల్ఫర్డ్ తేలే ఫ్లైనే సరైనదన్నాడు. తర్వాత జి.ఇ.ఎం. స్క్యూస్ మునిగే నింఫ్‌నూ సమర్థించాడు. బిగ్‌హార్న్ ఆ ఊటవాగులకు పెద్ద సైజు ప్రతిరూపం. ప్రకృతి భూగర్భంలో చేసే పనిని ఇక్కడ జలాశయం చేస్తోంది. పాత ఇంగ్లండు పద్ధతులు మోంటానాలో ఇంత బాగా పనిచేయడానికి కారణం ఇదే.

పట్టిన చేపను వదిలేయడం ఇక్కడ ఎక్కువమంది పాటించే మర్యాద. వెనుముల్లు లేని కొక్కేలు వాడాలి, చెయ్యి తడిపి పట్టుకోవాలి. పొడిచెయ్యి చేప ఒంటిమీది జిగురును తుడిచేస్తుంది, ఆ జిగురే దానికి రోగాల నుంచి రక్ష. ఫొటో కోసం గాల్లో ఎత్తి ఉంచిన ప్రతి క్షణమూ చేపకు ఊపిరాడని క్షణమే.

క్యూసెక్కుల లెక్క

శ్రీశైలం వరద వార్తల్లో లక్షల క్యూసెక్కులు చదివే మనకు బిగ్‌హార్న్ చిన్నదిగా తోస్తుంది. ఇక్కడ తగాదా అంతా 2,500 క్యూసెక్కుల చుట్టూ తిరుగుతుంది. రాష్ట్ర మత్స్యశాఖ లెక్క ప్రకారం పక్కపాయలు తడిగా ఉండి, పిల్లచేపలు దాక్కోవడానికి చోటు మిగలాలంటే నదిలో కనీసం అంత నీరుండాలి. అంతకు తగ్గితే పాయలు ఒక్కొక్కటే తెగిపోతాయి. పెద్ద చేపకు నష్టం వెంటనే కనిపించదు. రెండు మూడేళ్ల తర్వాత మధ్యవయసు చేపలు లేవని తెలిసినప్పుడు కారణం వెతుక్కోవాల్సి వస్తుంది. దీనికి వ్యతిరేకంగా, మంచు ఎక్కువైన 2011లో నీరు పది వేల క్యూసెక్కులు దాటింది. అలాంటి వరద వేటను నెలల తరబడి చెడగొడుతుంది, కాని గులకను కడిగి, పూడిన పాయలను తెరిచి నదికి మేలే చేస్తుంది.

జలాశయం పైకొస వయోమింగ్‌లో ఉంది. అక్కడ లవెల్ పట్టణం దగ్గరి హార్స్‌షూ బెండ్ రేవులో ఒండ్రు పేరుకుపోయింది. నీటిమట్టం కాస్త తగ్గితే పడవలు దించలేరు. అందుకని వయోమింగ్ వాళ్లు జలాశయం నిండుగా ఉంచమంటారు, మోంటానా వాళ్లు నదికి వదలమంటారు. వరదకు ఖాళీ ఉంచాలి, విద్యుత్తు కావాలి, సాగునీరు కావాలి. ఈ పద్దులన్నీ కలిపి చూసేది కేంద్ర ప్రభుత్వపు బ్యూరో ఆఫ్ రిక్లమేషన్. కొండల్లో ఎంత మంచుందో కొలిచి, ఎంత కరుగుతుందో అంచనా వేసి, వసంతానికి ముందే నీరు వదలడం మొదలుపెట్టాలి. ఆ అంచనా తప్పితే చలికాలంలో పిసినారితనం, జూన్‌లో వరద రెండూ ఒకే ఏడాదిలో వస్తాయి.

ఇతర నదుల అనుభవం

బిగ్‌హార్న్ అదృష్టం అన్నిటికీ లేదు. యూటా, వయోమింగ్‌లలో గ్రీన్ నది మీద ఫ్లేమింగ్ గార్జ్ ఆనకట్ట గేట్లు మూసేముందు, 1962 సెప్టెంబరులో ట్రౌట్‌కు చోటు చేయడానికి వందల మైళ్ల నదిలో రోటెనోన్ అనే విషం కలిపారు. అక్కడి స్థానిక చేపలు కుప్పలుగా చచ్చిపోయాయి. ఇప్పుడు ఆ స్థానిక జాతుల్లో కొన్నిటిని కాపాడటానికే అదే ఆనకట్ట నుంచి వదిలే నీటిని సర్దుతున్నారు. ట్రౌట్ వేటను ప్రేమించేవాళ్లు ఈ చరిత్రను దాచుకోనక్కరలేదు, తెలుసుకుని తీరాలి.

ఆరిజోనాలో గ్లెన్ కాన్యన్ ఆనకట్ట దిగువన, కొలరాడో నదిలోని లీస్ ఫెర్రీలో కథ మరోలా నడిచింది. 1963లో గేట్లు మూశాక చల్లబడిన నీటిలో రెయిన్‌బో ట్రౌట్ స్థిరపడింది. అయితే అక్కడ ఆఫ్టర్‌బే లేదు. విద్యుత్ గిరాకీతో నీరు రోజూ ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. నీటి అంచున అతికించిన పురుగుల గుడ్లు గంటల్లో ఎండిపోతాయి. ఇది గుర్తించిన శాస్త్రవేత్తల సూచనతో 2018 నుంచి కొన్ని వేసవుల్లో శని, ఆదివారాల్లో నీటిని సమంగా, తక్కువగా ఉంచారు. విద్యుత్ గిరాకీ తగ్గే ఆ రెండు రోజులూ గుడ్లు తడిగా మిగలాలని ఉద్దేశం.

ఆ ఆనకట్ట ఎగువన ఉన్న జలాశయం లేక్ పావెల్ కరువుకు అడుగంటుతూ వచ్చి, వెచ్చని పైపొర టర్బైన్ల నోటిదాకా దిగింది. వెచ్చనీటితోపాటు జలాశయంలోని స్మాల్‌మౌత్ బాస్ కిందికి వచ్చాయి. 2022లో అవి ఆనకట్ట దిగువన పిల్లలు పెడుతున్నట్టు తేలింది. ఇవి ట్రౌట్‌కు పోటీ, ఇంకా దిగువన గ్రాండ్ కాన్యన్‌లో బతికే హంప్‌బ్యాక్ చబ్ అనే స్థానిక చేపకు నేరుగా ముప్పు. వాటిని అదుపు చేయడానికి 2024 వేసవిలో టర్బైన్లను తప్పించి, ఇంకా లోతున ఉన్న తూముల ద్వారా చల్లని నీటిని కలిపి వదిలారు. ఆ తూముల గుండా పోయిన నీటితో కరెంటు పుట్టదు. దాని ఖరీదు ఎవరు భరించాలన్న వాదన ఆ వేసవంతా విద్యుత్ సంస్థలకు, చేపల పక్షం వహించేవాళ్లకు మధ్య సాగింది.